పదిహేనో కవరు

నేను ఫిలాసఫీ పాఠాలు చెప్పుకుని బతికాను. ఈ మాట మా వైపు ఎవరికి చెప్పినా ముందొక నవ్వు నవ్వేవారు, తర్వాత "అంటే వేదాంతమాండీ?" అని అడిగేవారు. జాతకాలు కూడా చూస్తానేమోనని చెయ్యి చాపినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. గుడివాడ దగ్గర మా ఊరు. నా ఈడువాళ్ళు డాక్టర్లయ్యారు, కాంట్రాక్టర్లయ్యారు, రైసుమిల్లుల్లో భాగస్తులయ్యారు. నేను ఎం.ఏ. ఫిలాసఫీ అయ్యాను. మీవాడేం చదివాడని ఎవరైనా అడిగితే మా నాన్న "ఏదో పెద్ద చదువేలెండి" అనేసి, కాలవకి నీళ్ళెప్పుడు వదులుతారంటూ మాట మార్చేవాడు.

చివరికి యూనివర్సిటీలో ప్రొఫెసర్నయ్యాను. అయినప్పుడు శాలువాలు కప్పారు. ఒకరి తర్వాత ఒకరు లేచి నేను విలువలకు కట్టుబడిన మనిషినని చెప్పారు. ఆ సభలో దండలు మెడలో వేసుకుని కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు, నా మీద. నా ఉద్యోగమంతా ఒక గోధుమరంగు కవరు మీద నిలబడింది. ఆ కవరు నాది కాదు, ఒక ఆడపిల్లది. ఆ సంగతి ఆ సభలో ఎవరికీ తెలియదు.

తొంభైల మొదట్లో బందరులో ఒక ఎయిడెడ్ కాలేజీలో లెక్చరరుగా చేరాను. ఎయిడెడ్ అంటే జీతం ప్రభుత్వానిది, పెత్తనం కాలేజీ నడిపే కమిటీది. ఫిలాసఫీ శాఖలో మేం ఇద్దరమే. నేను, నాకంటే పాతికేళ్ళు పెద్దయిన మా హెడ్డు. ఆయన్ని కాలేజీలో అందరూ పెద్దాయన అనేవారు. మాకు ఒక గది, ఒక బల్ల, ఒక ఇనప బీరువా. బి.ఏ.లో చరిత్ర, తెలుగుతో కలిపి ఫిలాసఫీ ఉండే గ్రూపు మాది. మొదటి సంవత్సరంలో పదిహేను మంది చేరితేనే గ్రూపు ఉంటుంది, లేకపోతే తీసేస్తారు. తీసేస్తే అందులో పాఠం చెప్పేవాడు సర్‌ప్లస్ అవుతాడు. మా పక్కగది సంస్కృతం మాస్టారు అలాగే మిగిలిపోయి, తన జీతం ఎవరివ్వాలో తేల్చుకోడానికి రెండేళ్ళపాటు బందరు నుంచి హైదరాబాదుకి కాయితాలు మోశాడు. ఆయన చెప్పులు అరిగిన తీరు నేను రోజూ చూసేవాణ్ణి.

పెద్దాయనకి రిటైర్మెంటు దగ్గరపడింది. గ్రూపు పోయినా ఆయనకి పెద్ద నష్టం లేదు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. పెళ్ళయి ఏడాది, మా ఆవిడ కడుపుతో ఉంది. పదిహేను అనే అంకె నాకు మెడ మీద కత్తి.

జూన్ వచ్చిందంటే మేం మాస్టార్లం కాదు, పిల్లల్ని పట్టుకొచ్చే ఏజెంట్లం. ఇంటర్ పాసైనవాళ్ళ లిస్టులు పట్టుకుని ఊళ్ళ మీద పడేవాళ్ళం. దగ్గర ఊళ్ళన్నీ కామర్సువాళ్ళు, సైన్సువాళ్ళు పంచుకునేవారు. నాకు దివిసీమ పడేది. అది దూరం కాబట్టి, నేను అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి. ఆదివారాలు మా ఊరెళ్ళి అక్కణ్ణించి దివిసీమకి బయల్దేరితే పామర్రులో బస్సు మారాలి. పామర్రు సెంటర్లో మా బావకి ఎరువుల కొట్టుండేది. చంకలో అప్లికేషన్ల కట్టతో నన్ను చూసి, "యూరియా అమ్ముకోడానికి మేం కూడా ఇంత తిరగం బావా. మీ సరుకు మరీ చచ్చుసరుకల్లే ఉందే" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. లోపల కాలిపోయేది.

పిల్ల చేరతానంటే చాలదు, కాయితాలు చేతిలో పడాలి. పదో తరగతి మార్కుల లిస్టు, ఇంటర్ మార్కుల లిస్టు, టీసీ, కులం సర్టిఫికెట్టు, అన్నీ ఒరిజినల్సే. రూలు ప్రకారం అవి కాలేజీ ఆఫీసులో ఉండాలి. ఆఫీసులో ఉంచితే మిగతా గ్రూపులవాళ్ళు గుమాస్తాని మంచి చేసుకుని మన పిల్లని వాళ్ళ లిస్టులోకి మార్చేసుకుంటారు. అంచేత మా కాలేజీలో ఏ శాఖ పిల్లల కాయితాలు ఆ శాఖ బీరువాలోనే ఉండేవి, గోధుమరంగు కవర్లలో పెట్టి, మీద పేరూ నంబరూ రాసి. "దూడని కట్టేస్తే ఆవు ఎక్కడికీ పోదయ్యా. టీసీ బీరువాలో పడ్డాకే పిల్ల మనది, అప్పటిదాకా ఊరందరిదీ" అని పెద్దాయన నాకు మొదటి వారంలోనే నేర్పాడు. తాళంచెవులు రెండుండేవి కాదు, ఒక్కటే. అది నా దగ్గర ఉంచమన్నాడు. ఇదంతా తప్పని మేమెవరం అనుకోలేదు. అందరూ చేసేదే.

ఆ ఏడు జూన్ ఆఖరికి పద్నాలుగు కవర్లయ్యాయి. పదిహేనోది ఎక్కడ తిరిగినా దొరకలేదు. నాగాయలంక అవతల, సముద్రం మీద బతికే ఒక ఊళ్ళో మంచి మార్కులతో ఇంటర్ పాసైన ఆడపిల్ల ఉందని అవనిగడ్డలో ఎవరో చెప్పారు. అద్దె సైకిలు తీసుకుని మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. ఉప్పెన తర్వాత కట్టిన కాలనీ ఇల్లు. తండ్రి వేటకెళ్ళాడు. తల్లి అరుగు మీద కూర్చుని వల కుడుతోంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని అవనిగడ్డ దాకా తిరిగి అమ్ముకొచ్చే మనిషి. కాలేజీ సారునని చెప్పగానే లేచి, కొంగుతో మంచం దులిపి, కూర్చోమంది. పిల్ల గుమ్మంలో నిలబడింది. దాని వెనకనుంచి చిన్న చెల్లెలు తొంగి చూస్తోంది.

"ఈ చదువు చదివితే ఏమొస్తదండి బాబుగారూ?" అని తల్లి సూటిగా అడిగింది.

మా నాన్నకే చెప్పలేకపోయినవాణ్ణి, ఈవిడకేం చెప్తాను? "డిగ్రీ అవుతుందమ్మా. డిగ్రీ చేతిలో ఉంటే ఏ ఉద్యోగం పరీక్షయినా రాసుకోవచ్చు" అన్నాను.

"మా పిల్ల టీచరు ట్రైనింగుకి పరీక్ష రాసిందండి. అదొస్తే అందులోకే వెళ్ళుద్ది మరి."

ట్రైనింగులో సీటొచ్చిందంటే ఆ రోజుల్లో పంతులమ్మ ఉద్యోగం సగం చేతికొచ్చినట్టే. అయినా ఆ సీట్లు ఎంతమందికొస్తాయి, ఎప్పుడొస్తాయి అనుకున్నాను. "వస్తే హాయిగా పంపండమ్మా. ఈలోపు ఏడాది పాడవకుండా మా దగ్గర చేర్చండి. కాయితాలు ఎప్పుడడిగితే అప్పుడు చేతిలో పెడతాను. నాది పూచీ" అన్నాను.

ఆవిడ కూతురి వంక చూసింది. కూతురు తలూపింది. ఆవిడ లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తీసి, పాలిథిన్ సంచిలో చుట్టిన కాయితాలు తెచ్చి, రెండు చేతులతో నాకిచ్చింది. "దాని బతుకంతా ఇందులోనే ఉందండి. మీరు పెద్దోరు" అంది. నాకప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. తిరిగొస్తూ దారంతా ఈల వేసుకుంటూ సైకిలు తొక్కాను. పదిహేను అయ్యాయి, అదొక్కటే బుర్రలో ఉంది.

ఆ అమ్మాయి బందరులో హాస్టల్లో చేరింది. రెండో బెంచీ చివర కూర్చునేది. పెద్దగా మాట్లాడేది కాదు గానీ చెప్పింది చెప్పినట్టు పట్టేసేది. రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున మా గది బయట నిలబడింది. చేతిలో ఉత్తరం. ట్రైనింగు సీటుకి ఇంటర్వ్యూ, గురువారం పది గంటలకి, గుడివాడలో. ఒరిజినల్స్ అన్నీ తేవాలి, జిరాక్సులు చెల్లవు అని కింద గీత గీసి మరీ రాసి ఉంది.

"కాయితాలు కావాలండి సార్" అంది. ముఖం వెలిగిపోతోంది. అంతగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ వారం సంగతి చెప్పాలి. పిల్లల్ని లెక్కపెట్టడానికి పైనుంచి ఇద్దరు ఆఫీసర్లు శుక్రవారం వస్తున్నారని ప్రిన్సిపాలు అప్పటికే సర్క్యులరు తిప్పాడు. ఒక్కో గ్రూపు పిల్లల్నీ నిలబెట్టి లెక్కపెడతారు, పక్కన కాయితాలు పెట్టి సరిచూస్తారు. గురువారం ఆ అమ్మాయి గుడివాడ వెళ్తే టీసీ అక్కడ ఇచ్చేస్తుంది. శుక్రవారానికి నా దగ్గర మిగిలేది పద్నాలుగు.

ఒక్క రోజు తేడా. ఇంటర్వ్యూ శనివారం అయ్యుంటే నేను మహానుభావుణ్ణి. ఆ పిల్లని నేనే బస్సెక్కించి, అరటిపళ్ళు కొనిచ్చి, జాగ్రత్తలు చెప్పి పంపేవాణ్ణి. ఇప్పటికీ ఎక్కడో ఒక పంతులమ్మ తన తొలి గురువని నా పేరు చెప్పుకునేది. నా మంచితనం గోడమీది కేలండరు మీద ఆధారపడిందని ఆ సోమవారం తెలిసింది.

"బీరువా తాళంచెవి పెద్దాయన దగ్గరుందమ్మా. ఆయన ఊరెళ్ళారు. రేపు రా" అన్నాను.

తాళంచెవి నా ప్యాంటు జేబులో ఉంది. పాఠం మొదలుపెట్టేముందు నేను రెండుసార్లు గొంతు సవరించుకునేవాణ్ణి. ఈ అబద్ధానికి అది కూడా అక్కర్లేకపోయింది. మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా వచ్చింది. పెద్దాయన ఏ ఊరూ వెళ్ళలేదు. జ్వరమొచ్చి, కాలేజీకి రెండు వీధుల అవతల ఇంట్లోనే పడుకుని ఉన్నాడు.

మంగళవారం మళ్ళీ వచ్చింది. ఇంకా రాలేదన్నాను. బుధవారం తల్లిని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ మొదటి బస్సు పట్టుకుని అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా వచ్చింది. ఇద్దరూ వరండాలో నా ఎదురుగా నిలబడ్డారు.

"తాళం పగలగొట్టిద్దామండి బాబుగారూ. కొత్త తాళం మేం కొనిస్తాం" అంది తల్లి.

"ప్రభుత్వం బీరువా అమ్మా. పగలగొడితే కేసవుతుంది" అన్నాను. ప్రభుత్వానిదీ కాదు, పాడూ కాదు. కమిటీవాళ్ళు ఎక్కడో వేలంపాటలో కొన్న బీరువా అది.

"మరి ఎట్టాగండి?"

"అప్లికేషనుతో పెట్టిన జిరాక్సులున్నాయి, తీసుకెళ్ళండి. ఒరిజినల్స్ వారంలో ఇస్తామని కాలేజీవాళ్ళు చెప్పారనండి. ఒప్పుకుంటారు" అన్నాను. ఒప్పుకోరని నాకు తెలుసు. ఆఫీసుకి వెళ్ళి నేనే దగ్గరుండి ఫైల్లోంచి ఆ జిరాక్సులు తీయించి ఇచ్చాను. ఆ శ్రద్ధ చూసి తల్లి కరిగిపోయింది. నాకు దణ్ణం పెట్టి, "మీరు చేయగలిగింది చేశారండి" అంది. కూతురు దణ్ణం పెట్టలేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఎంతకీ కదలలేదు. ఇంటర్వ్యూ అంటే భయమేమో అనుకున్నాను.

గురువారం గుడివాడలో జిరాక్సులు చూసి తిప్పి పంపేశారు. సీటు తర్వాతి ర్యాంకు వాళ్ళకి వెళ్ళిపోయింది. శుక్రవారం పొద్దున ఆ అమ్మాయి యథాప్రకారం క్లాసుకొచ్చి రెండో బెంచీ చివర కూర్చుంది. ఆఫీసర్లు వచ్చారు. ఒక్కొక్కళ్ళే లేచి పేరు చెప్తుంటే నేను పక్కన నిలబడి కవర్లు అందించాను. ఆ అమ్మాయి లేచి పేరు చెప్పింది. నేను పదిహేనో కవరు ఇచ్చాను. ఆఫీసరు అందులోంచి మార్కుల లిస్టు తీసి, "బాగా చదివే పిల్లేనే" అని మెచ్చుకుని, టిక్కు పెట్టాడు. బీరువా ఎలా తెరుచుకుందని ఆ పిల్ల అడిగితే, పెద్దాయన నిన్న సాయంత్రం వచ్చాడని చెబుదామని సిద్ధంగా ఉన్నాను. ఆ పిల్ల అడగలేదు. ఆ సాయంత్రం నేను ఇంటికి జున్ను కొనుక్కెళ్ళాను.

మా ఆవిడకి కూడా చెప్పలేదు. నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఒక్క పిల్ల పోతే మిగతా పద్నాలుగు మంది గ్రూపు పోతుంది కదా అని చెప్పుకున్నాను. వచ్చే ఏడు మళ్ళీ రాసుకుంటుందిలే అని చెప్పుకున్నాను. మళ్ళీ రాసింది కూడా. ర్యాంకు రాలేదు. ఆ మరుసటేడూ రాలేదు. అది తన అదృష్టం, నేనేం చేస్తాను అని కూడా చెప్పుకున్నాను. చదువుకున్నవాడికి సాకులకేం తక్కువ, అందులోనూ ఫిలాసఫీ చదివినవాడికి.

రెండో ఏడు వాళ్ళకి నీతిశాస్త్రం నేనే చెప్పాలి. ఇచ్చిన మాట ఎందుకు నిలబెట్టుకోవాలి అనే పాఠం ఒకటుంది. పక్కనున్నవాడు నీ మాట నమ్మి తన దారి మార్చుకున్నాక, నీ మాట ఇక నీ సొంతం కాదని చెప్పాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ గంటసేపూ నేను రెండో బెంచీ చివరకి చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాను. గంట కొట్టాక అటు చూశాను. ఆ అమ్మాయి తల వంచుకుని నోట్సు రాసుకుంటోంది. ఏమీ తెలియదు పాపం అనుకున్నాను. ఆ అనుకోవడంలో నాకెంత సుఖముందో ఇప్పుడు తలుచుకుంటే అసహ్యమేస్తుంది.

మూడేళ్ళయ్యాక ఫస్టు క్లాసులో పాసైంది. మా గ్రూపు చరిత్రలో అదే మొదటి ఫస్టు క్లాసు. కాయితాల కోసం వచ్చినప్పుడు నేను లేచి నిలబడి కవరు ఇచ్చాను. ఆ అమ్మాయి కవరు విప్పి, ఒక్కొక్క కాయితం బయటికి తీసి, రెండువైపులా చూసి, మళ్ళీ లోపల పెట్టుకుంది. నాకు రోషమొచ్చింది. నా కళ్ళెదుటే లెక్క చూసుకుంటుందా, నా మీద ఆమాత్రం నమ్మకం లేదా అని. చూడండి నా పొగరు. "ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?" అని అడిగాను. "చూడాలండి" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెళ్ళయిందని, మొగుడిది కూడా వేటేనని ఎవరో చెప్పారు.

నా బండి మాత్రం పట్టాలెక్కింది. ఉద్యోగం పర్మనెంటయింది. ఉద్యోగం ఉంది కాబట్టి సెలవు పెట్టి పీహెచ్‌డీ చేశాను. నా పరిశోధన దేనిమీదో చెప్తే నవ్వుతారు. మనిషి నైతిక బాధ్యత మీద. పీహెచ్‌డీ ఉంది కాబట్టి యూనివర్సిటీలో తీసుకున్నారు. అక్కడ రీడరు, తర్వాత ప్రొఫెసరు. ఒక మెట్టు కింద ఒక మెట్టు లెక్కపెట్టుకుంటూ దిగితే అట్టడుగున ఆ శుక్రవారం టిక్కు ఉంటుంది. పీహెచ్‌డీ వచ్చినప్పుడు మా బావ పామర్రు సెంటర్లో స్వీట్లు పంచి, "చచ్చుసరుకని వెక్కిరించాం గానీ, మావాడు దాన్నే అమ్మి మేడ కట్టాడు" అని అందరికీ చెప్పాడు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి మా పాత కాలేజీకే తనిఖీకి వెళ్ళాల్సొచ్చింది. యూనివర్సిటీ వేసిన తనిఖీ కమిటీకి నేనే అధ్యక్షుణ్ణి. బందరులో దిగగానే ప్రిన్సిపాలు నన్ను పక్కకి తీసుకెళ్ళి, "మీ గ్రూపులో నలుగురే ఉన్నారండీ. ఆ గది కంప్యూటర్లకి కావాలి. మీరే ఒక మాట రాసేస్తే మాకు గొడవ వదిలిపోద్ది" అన్నాడు. పెద్దాయన అప్పటికే కాలం చేశాడు. నా తర్వాత వచ్చిన కుర్ర లెక్చరరు ఒక మూల నిలబడి నా వంకే చూస్తున్నాడు. గ్రూపు కొనసాగించాలని నేను పట్టుబట్టొచ్చు. అలా చేస్తే రిపోర్టు వెనక్కొస్తుంది, పైవాళ్ళతో మాట పడాలి. మధ్యాహ్నం భోజనాల్లో రొయ్యల వేపుడు, పీతల పులుసు పెట్టారు. భోజనం అయ్యాక సంతకం పెట్టేశాను. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటారే, అదే.

సంతకాలకోసం పాత హాజరు పట్టీలన్నీ తెచ్చి బల్లమీద పడేశారు. ఊరికే ఒకటి తిరగేస్తే ఆ ఏటిది తగిలింది. చివరి పేరు ఆ అమ్మాయిది. ఆ గురువారం తప్ప ఏడాదంతా ఒక్క రోజు కూడా మానలేదు. దేన్ని నిలబెట్టడానికి ఈ పిల్ల సీటు పోగొట్టానో దాన్ని నేనే నా చేత్తో తీసేశాను. మరి ఆ పిల్ల సీటు ఎందుకు పోయినట్టు? కారు పంపుతామన్నా వద్దని, మర్నాడు పొద్దున ఒక్కణ్ణే చల్లపల్లి బస్సెక్కాను.

ఆ అమ్మాయి ఊళ్ళో అడిగితే ఇసక మీద చేపలు ఎండబెట్టే చోటు చూపించారు. నలుగురు ఆడవాళ్ళు పరిచిన వలల మీద నెత్తళ్ళు తిరగేస్తున్నారు. నన్ను ఆ అమ్మాయే ముందు గుర్తుపట్టింది. అమ్మాయేమిటి, ముప్పై దాటిన మనిషి. "సార్, మీరా? కూర్చోండి" అని ఒక ప్లాస్టిక్ ట్రే బోర్లించి దులిపింది. మిగతావాళ్ళు దూరంగా జరిగారు. దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"నీకొక సంగతి చెప్పాలని వచ్చానమ్మా" అన్నాను. "ఆ రోజు బీరువా తాళంచెవి..."

"మీ దగ్గరే ఉందండి" అంది, నెత్తళ్ళు తిరగేస్తూనే.

ఆవిడే చెప్పింది. "మంగళారం సాయంత్రం పెద్దసారు ఇంటికెళ్ళానండి, ఊర్నించి వచ్చారేమో కనుక్కుందామని. ఆయన దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నేను ఊరెళ్ళడమేంటమ్మా, తాళం మీ సారు దగ్గరే ఉంటది, పొద్దున్నే వెళ్ళి తీసుకో అన్నారు."

"మరి బుధవారం..."

"ఆ రాత్రే ఊరెళ్ళి పొద్దున్నే అమ్మని తీసుకొచ్చానండి. ఆవిడ్ని చూస్తే ఇస్తారేమో అనుకున్నా."

ఆ వరండా, ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ నిలబడ్డ తీరు కళ్ళముందుకొచ్చాయి. భయమనుకున్నాను, వెధవని. అది ఆశ. "మొహం మీదే అడిగెయ్యాల్సింది కదమ్మా" అన్నాను. తప్పు నాదై ఉండి కూడా ఆ మాట అనగలిగాను.

"అడిగితే ఇచ్చేవారా అండీ?"

నేను చెప్పులకంటిన ఇసక దులుపుకున్నాను.

"నా కాయితాలు మీ దగ్గరున్నాయి గదండీ. మీతో పేచీ పెట్టుకుని ఎక్కడికి పోను? మూడేళ్ళు మీ క్లాసులోనే కూర్చోవాల" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తిట్టి పోసి ఇసక మొహాన కొట్టి ఉంటే నేను కాస్త ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

"మీ అమ్మగారికి చెప్పలేదా?"

"చెల్లి ఉంది గదండీ, అప్పటికి మూడో క్లాసు. సార్లే ఇట్టాంటి పని చేస్తారని తెలిస్తే అమ్మ దాన్ని చదివించేది కాదు. బడి మాన్పించి తట్ట నెత్తిన పెట్టేది. అందుకని మా సారు తాళం కోసం చాలా తిరిగారు, పాపం దొరకలేదు అని చెప్పా. ఇప్పటికీ అదే చెప్తున్నా" అంది. "చెల్లి ఘంటసాల అవతల బళ్ళో టీచరండి ఇప్పుడు" అంది. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వింది.

పద్దెనిమిదేళ్ళ పిల్ల. హాస్టల్లో ఒక్కతే కూర్చుని ఇదంతా ఆలోచించింది. నేను నీతిశాస్త్రం మీద నాలుగొందల పేజీలు రాశాను. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ ముందే ఏడ్చాను. "మీ అమ్మగారికి నేనే చెప్తాను. కాళ్ళమీద పడి క్షమించమంటాను" అన్నాను.

చేతిలో పని ఆపింది. అప్పుడు కోపమొచ్చింది ఆవిడకి. "వద్దండి. మీరు చెప్పేసి, బరువు దించుకుని, బస్సెక్కి వెళ్ళిపోతారు. ఆవిడ ఇక్కడ కూర్చుని రోజూ దాన్ని తలుచుకోవాల. నన్ను మీ చేతికి ఇచ్చింది తనే గదా అని కుమిలిపోద్ది. ఈ వయసులో ఆవిడకెందుకండి అది? నోరు మూసుకుని టీ తాగి వెళ్ళండి" అంది. ఒక శిష్యురాలు నాతో అన్న మాటల్లో నాకు తగిన మాట అదొక్కటే. సరేనన్నాను.

ఇంటికి తీసుకెళ్ళింది. తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. కళ్ళకి పొర కమ్మింది. కూతురు చెవి దగ్గర వంగి "కాలేజీ సారమ్మా" అని చెప్పగానే తడుముకుంటూ లేవబోయింది. నేను వద్దంటూ పక్కనే కూర్చున్నాను. ఆ తల్లి ఇప్పుడు లేదు. పోయిన ఏడే పోయిందని తెలిసింది. ఉండగా ఇదంతా రాసేవాణ్ణి కాదు.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. చేపల వాసన, ఉప్పు అంటుకున్న గరుకు చేతులు. "ఆ రోజు తాళం దొరక్క మీరెంత బాధపడ్డారో మా పిల్ల చెప్పిందండి బాబుగారూ. మీలాంటోరు ఉండబట్టే చిన్నదాన్ని కూడా ధైర్యంగా చదివించా" అంది.

కూతురు టీ గ్లాసు పట్టుకుని నా వంకే చూస్తోంది.

"అవునమ్మా, చాలా బాధపడ్డాను" అన్నాను.